మీటరు ఎప్పుడు మొదలైంది?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక పాత ఎస్టీడీ బూత్ నిర్వాహకుడి ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి. నన్ను మాట్లాడమని లైబ్రేరియన్ గారు అడిగితే మొదట ఒప్పుకోలేదు. పదహారేళ్ళు పక్కవాళ్ళ మాటలు విన్నవాణ్ణే గానీ, నేను మాట్లాడినవాణ్ణి కాదు. 1991 నుంచి 2007 దాకా కోనసీమలో ఒక చిన్న టౌన్లో ఎస్టీడీ బూత్ నడిపాను. కాలికి పోలియో ఉందని నాకు ముందు వరసలో ఇచ్చారు. అప్పట్లో వికలాంగులకీ, చదువుకుని ఖాళీగా ఉన్నవాళ్ళకీ బూత్‌లు ఇచ్చేవారు. నేను రెండింటికీ సరిపోయాను.

ముందు బోర్డు సంగతి చెప్పాలి. రాసిన పెయింటరు 'ఎస్టీడీ బూతు' అని రాసేశాడు. మా నాన్న చూసి "చెరిపించరా, ఇంట్లో ఆడపిల్లలున్నారు" అన్నాడు. (నవ్వులు) తకారానికున్న కొమ్ము చెరిపి పొల్లు పెట్టించాను. ఆ కొమ్ము మచ్చ మాత్రం దుకాణం మూసేదాకా కనబడుతూనే ఉంది. నిజం చెప్పాలంటే పెయింటరు తప్పు రాయలేదు. ఆ పదహారేళ్ళలో ఆ గదిలో నేను విన్న బూతులు ఇంకెక్కడా వినలేదు. వాటిలో సగం నన్ను తిట్టినవే.

ఎందుకు తిట్టారో చెప్పడానికే వచ్చాను.

ఇక్కడున్న పిల్లలకి ఎస్టీడీ అంటే తెలియకపోవచ్చు. సబ్‌స్క్రైబర్ ట్రంక్ డయలింగ్. అంటే మధ్యలో ఆపరేటరు లేకుండా పై ఊరి నంబరు మనమే తిప్పుకోవడం. దేశంలో మొదట 1960లో కాన్పూరు, లక్నోల మధ్య వచ్చింది. మా ఊరికి రావడానికి ముప్పై ఏళ్ళు పట్టింది. అంతకుముందంతా ట్రంకాలే. పోస్టాఫీసుకెళ్ళి బుక్ చేసుకుని బల్ల మీద కూచోవాలి. ఆర్డినరీ, అర్జంట్, లైట్నింగ్ అని మూడు రకాలు. అర్జంట్ అంటే రెట్టింపు, లైట్నింగ్ అంటే ఇంకా చాలా రెట్లు. మా పెదనాన్న మద్రాసుకి పొద్దున ఆర్డినరీ బుక్ చేసి, భోజనానికి ఇంటికొచ్చి, మళ్ళీ వెళ్ళి, దీపాలు పెట్టే వేళకి తిరిగొచ్చాడు. "మాట్లాడావా?" అంటే "మాట్లాడాను, వాడికి వినబడలేదు" అన్నాడు. అదే ట్రంకాలంటే.

తర్వాత 1984లో సీడాట్ అని, ఫోన్ లైన్లు కలిపే ఎక్స్ఛేంజీలు మన దేశంలోనే తయారుచేయడానికి ఒక ప్రభుత్వ సంస్థ పెట్టారు. దాని వెనకున్న శామ్ పిట్రోడా పేరు మీరు వినే ఉంటారు. వాళ్ళు చేసిన చిన్న ఎక్స్ఛేంజికి 128 లైన్లు. ఏసీ గది అక్కర్లేదు, మన ఎండలకీ దుమ్ముకీ తట్టుకుంటుంది. అందుకే పల్లెల్లోకి రాగలిగింది. ఇంటింటికీ ఫోను ఇవ్వడం ఎలాగూ అయ్యే పని కాదు, వీధికొకటైనా ఉంటే చాలు అన్నది అప్పటి ఆలోచన. ఆ వీధి ఫోనే మా బూత్. 2000 దాటాక దేశం మొత్తం మీద ఇవి ఇరవై లక్షలు దాటాయి. తర్వాత ఎంత తొందరగా పోయాయో మీకు తెలుసు.

నా దుకాణం ఆరడుగుల గది. అందులో సగానికి చెక్క కేబిను, దానికి అద్దం తలుపు. లోపల ఫోను, ఎర్ర అంకెల మీటరు. ఆ అంకెలే నాకూ కనబడేలా బయట ఇంకోటి. పక్కన చీటీ కొట్టే చిన్న ప్రింటరు. కేబిన్లో ఫ్యాను పెడితే మాట వినబడదు, పెట్టకపోతే మనిషి నిలబడలేడు. మే నెలలో లోపలికెళ్ళినవాడు బయటికొచ్చేసరికి చెరువులోంచి లేచొచ్చినట్టుండేవాడు. రిసీవరు చెమటతో జారిపోయేది. రోజుకి రెండుసార్లు గుడ్డతో తుడిచేవాణ్ణి. అది కూడా మొదట్లోనే, తర్వాత ఒకసారే.

గొడవ ఎక్కడంటే, ఆ మీటరు దగ్గర. ఒకాయన ఢిల్లీలో కొడుక్కి ఫోన్ చేస్తాడు. పట్టుమని పది మాటలు మాట్లాడడు. బయటికొస్తే చీటీ మీద నలభై రూపాయలుంటుంది. "ఏవండీ, నేను మాట్లాడిందెంత, మీరు వేసిందెంత?" అంటాడు. నేను చీటీ చూపిస్తాను. "నీ మెషీను నువ్వు చెప్పినట్టు వింటుంది" అంటాడు. ఇక్కడ మీకొక లెక్క చెప్పాలి. దూరాన్ని బట్టి ఇన్ని సెకన్లకి ఒక యూనిట్ అని ఉండేది. దాన్నే పల్సు అనేవాళ్ళం. వెయ్యి కిలోమీటర్లు దాటిన ఊరికి పగటిపూట రెండు సెకన్లకో పల్సు. పల్సుకి రూపాయి పావలా వేసుకోండి. 'హలో, ఎవరూ?' అనడానికే ఒకటి పోతుంది. 'నేనే నాన్నా' అంటే ఇంకోటి. నిమిషానికి 37 రూపాయలు దాటేది. ఆ రోజుల్లో పొలం కూలి ఎంతో మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళని అడగండి, ఆయన కోపం ఎందుకో అర్థమవుతుంది.

మరి మీటరు నిజం చెప్పేదా అంటే, చాలావరకు చెప్పేది. అవతల ఫోనెత్తిన క్షణం మన లైను రెండు తీగల మీద ప్లస్సూ మైనస్సూ తారుమారవుతాయి. పోలారిటీ రివర్సల్ అంటారు. మీటరు దాన్ని పట్టుకుని లెక్క మొదలుపెడుతుంది. అవతలివాడు ఎత్తాడా లేదా అన్నది మీటరుకి తెలిసేది ఆ ఒక్క గుర్తుతోనే. ఎవరు ఎత్తారన్నది దానికి పట్టదు. మూడేళ్ళ పిల్ల ఎత్తి 'అమ్మ నీళ్ళోసుకుంటాంది' అని రిసీవరు బల్ల మీద పడేసి వెళ్ళిపోయినా లెక్క నడుస్తుంది. ఇవతల మనిషి 'అమ్మా, తాతయ్యని పిలు, తల్లీ పిలవ్వే' అని బతిమాలుతుంటే నేను బయట ఎర్ర అంకెలు చూస్తూ కూచునేవాణ్ణి. పెట్టేయమని చెప్పడానికి మనసొప్పేది కాదు. ఇంకో నాలుగు సెకన్లలో ఆ తాతయ్య వస్తాడేమో.

కానీ కొన్నిసార్లు మీటరు అబద్ధమూ చెప్పేది. వానాకాలం కొబ్బరి మట్ట తీగ మీద పడి ఊగితే చాలు, లైను తిక్కతిక్కగా ఉండేది. రింగవుతుండగానే మీటరు లేచేది. అలాంటప్పుడు నేను డబ్బు తీసుకునేవాణ్ణి కాదు. అది గొప్ప కోసం చెప్పడం లేదు, మొదట్లో తీసుకునేవాణ్ణి. నెలాఖరుకి డిపార్టుమెంటు బిల్లు వచ్చేది. నా చీటీల మొత్తం ఒకటి, వాళ్ళ బిల్లు ఇంకొకటి. నా మీటరు గడియారం వేరు, ఎక్స్ఛేంజి గడియారం వేరు. నా చీటీల మొత్తం ఎక్కువొచ్చిన నెల నోరు మూసుకున్నాను, తక్కువొచ్చిన నెల ఆఫీసు చుట్టూ తిరిగాను. అక్కడ నాకు చెప్పిన జవాబేమిటో తెలుసా? "నీ మెషీను తప్పు." నా దగ్గరికొచ్చినవాడు నాతో అన్న మాటే. ఆ రోజు తెలిసింది, ఈ వరసలో నా వెనకాల ఇంకా చాలామంది నిలబడ్డారని. కాకపోతే జనానికి కనబడేది నా మొహం ఒక్కటే.

లైను దొరకడం సంగతి ఇంకో కథ. సున్నా కొడితే బిజీ. సున్నా దాటితే కోడ్ దగ్గర బిజీ. హైదరాబాదుకి అప్పుడు 0842, తర్వాత 040 అయింది. పాత కోడ్ డైరీల్లో రాసుకున్నవాళ్ళతో ఇంకో ఏడాది గొడవ. కోడ్ కూడా దాటితే రికార్డు చేసి పెట్టిన ఒకావిడ గొంతు వచ్చేది, 'ఈ మార్గంలోని అన్ని లైన్లు రద్దీగా ఉన్నాయి' అని. తెలుగులో, హిందీలో, ఇంగ్లీషులో. ఆవిడ ఒక్కరోజు కూడా విసుక్కోలేదు. నాకు ఆవిడ మీద కోపం ఉండేది గానీ, ఇప్పుడు తలుచుకుంటే నేనూ, ఫోను కోసం వచ్చినవాడూ, ఆవిడా, మా ముగ్గురిలో మర్యాదగా మాట్లాడింది ఆవిడొక్కతే.

ఎందుకు రద్దీ అంటే లెక్క తేలిక. మా ఊరి నుంచి పెద్ద ఎక్స్ఛేంజికి వెళ్ళే దారిలో ఒక పీసీఎం లింకు, అంటే చాలామంది మాటలు ఒకే దారిలో కలిపి పంపేది, ఉందనుకోండి, దాని మీద 30 చానెళ్ళు. అంటే ఒకే సమయంలో ముప్పై మందే మాట్లాడగలరు. ముప్పై ఒకటోవాడికి ఆవిడ గొంతే. అంతకుముందు స్తంభాల మీద తీగలతో నడిచిన రోజుల్లో ఒక జత తీగ మీద మూడు చానెళ్ళు ఉన్న చోట్లు కూడా ఉండేవి. ఊళ్ళో ఇంటి ఫోన్లు, బ్యాంకు, రైసు మిల్లులు, కొబ్బరి వ్యాపారులు, మా బూత్‌లు, అందరం ఆ సన్నపు దారిలోనే దూరాలి. పొద్దున పదకొండింటికి కొబ్బరికాయ రేటు కోసం మొదలయ్యేది. అప్పుడు ఒక ముసలాయన వచ్చి 'బాబూ, మా మనవరాలికి ఎలా ఉందో కనుక్కోవాలి, విశాఖపట్నం ఆసుపత్రిలో ఉంది' అంటే, 0891 నేను నలభైసార్లు కొట్టినా దొరికేది కాదు. నా చూపుడు వేలు కొస ఇప్పటికీ మొద్దుబారే ఉంది, చూడండి. అంతసేపు కొట్టినందుకు నాకొచ్చేదేమీ లేదు. దొరికితేనే కమీషను.

రాంగ్ నంబరు గొడవ మీరు ఊహించుకోగలరు. చీటీ మీద అంకె ఏడా ఒకటా తెలియదు. మనవాళ్ళు ఒకటి రాస్తే ఏడులా ఉంటుంది. వెళ్ళిన చోట ఎవరో కన్నడం మాట్లాడతారు. మీటరు పడుతుంది. "రాంగ్ నంబరుకి డబ్బులేంటండీ, అన్యాయం కాదూ?" అన్యాయమే. కానీ ఎత్తినవాడు ఎత్తాడు కదా.

రాత్రి పదకొండు తర్వాత పావు రేటు. అందుకని పదింటి నుంచే జనం. హాస్టల్లో ఉన్న అల్లుడు, దుబాయి తమ్ముడు, అమెరికా కొడుకు, అందరూ ఆ గంటలోనే గుర్తొచ్చేవారు. అమెరికాకి నిమిషం అరవై రూపాయల పైమాటే, దానికి పావు రేటు వర్తించదని ఎంత చెప్పినా నమ్మేవారు కాదు. సిగరెట్ పెట్టె అట్టలు చింపి నంబర్లు రాసి టోకెన్లు ఇచ్చేవాణ్ణి. గోడ గడియారం వైపు అందరూ పరీక్ష హాల్లో చూసినట్టు చూసేవారు. 10:58కి ఒకడు లోపలికెళ్ళాడనుకోండి, పది మంది అరుస్తారు, 'ఒరేయ్ ఆగు, ఇంకో రెండు నిమిషాలు' అని. పదకొండు కొట్టగానే దేశంలో ఉన్న ప్రతి బూత్‌లోనూ ఒకేసారి వేళ్ళు మీటల మీద పడతాయి కదా. ఇంకేముంది, ఆవిడ గొంతే. పావు రేటు ఇచ్చారు గానీ, ఆ పావు రేటుకి మాట్లాడేది ఎంతమంది? పదకొండుంపావుకి దొరికినవాడు అదృష్టవంతుడు. పన్నెండున్నరకి కూడా దొరకనివాడు నా వైపు చూసేవాడు. ఆ చూపు తిట్టు కన్నా కష్టంగా ఉండేది.

చిల్లర గురించి క్షమాపణ చెప్పుకోవాలి. పావలాకీ అర్ధకీ బదులు నేను ఇచ్చిన చాక్లెట్లు తిని పళ్ళు పుచ్చినవాళ్ళు ఇక్కడ ఉండొచ్చు. (నవ్వులు) చాక్లెట్ డబ్బా మీద నాకు మిగిలేది. అది నా తప్పే, డిపార్టుమెంటుకి సంబంధం లేదు. లోకల్ కాల్స్‌కి తర్వాత ఎర్ర డబ్బాలొచ్చాయి, రూపాయి వేసి మాట్లాడేవి. కిళ్ళీ కొట్టు ముందు కూడా వేలాడేవి. రూపాయి మింగేసి మాట రానప్పుడు జనం దాన్ని చేత్తో బాదేవారు. నాకు చూడముచ్చటగా ఉండేది. తిట్లు పంచుకోవడానికి నాకొక తోడు దొరికింది.

వచ్చే కాల్స్ సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. మా వైపు నుంచి చాలామంది ఆడవాళ్ళు కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పని చేస్తారని మీకు తెలుసు. అక్కడ యుద్ధం అయిపోయాక మళ్ళీ ఎక్కువమంది వెళ్ళారు. వాళ్ళ ఇళ్ళల్లో ఫోన్ ఉండదు. ఉత్తరాల్లో నా బూత్ నంబరు ఇచ్చుకునేవారు, పక్కన పీపీ అని రాసి. అంటే అది వేరేవాళ్ళ ఫోను, మనిషిని పిలిపించాలి అని గుర్తు. శుక్రవారం అక్కడ సెలవు. మనకన్నా రెండున్నర గంటలు వెనక. ఇక్కడ మధ్యాహ్నం భోజనాలయ్యే వేళకి మోగడం మొదలయ్యేది. "అన్నయ్యా, మా అమ్మని పిలు, పది నిమిషాల్లో మళ్ళీ చేస్తా" అని పెట్టేసేవారు. నా దగ్గర ఒక కుర్రాడుండేవాడు, సైకిలేసుకుని పరిగెత్తేవాడు. పిలిచినందుకు అయిదు రూపాయలు.

ఒకావిడ ఉండేది. ఇల్లు కాలవ అవతల. కూతురు కువైట్లో. ప్రతి శుక్రవారం కుర్రాడు వెళ్ళకముందే వచ్చి గుమ్మం దగ్గర కూచునేది. ఫోన్ వచ్చిందంటే రిసీవరు రెండు చేతులతో పట్టుకుని, తల్లీ కూతురూ ఇద్దరూ ఒకేసారి 'హలో' అనేవారు. తర్వాత ఇద్దరూ ఒకేసారి ఆగేవారు. మళ్ళీ ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టేవారు. ఎందుకంటే ఆ మాట ఉపగ్రహం మీదుగా పోవాలి, అది 36,000 కిలోమీటర్ల ఎత్తులో ఉంటుంది. మాట పైకెక్కి దిగడానికి పావు సెకను, జవాబు రావడానికి ఇంకో పావు. ఆ అర సెకను ఖాళీ ఉందే, మన మాటకి అది అలవాటు లేదండి. మనం అవతలివాళ్ళ మాట పూర్తి కాకుండానే 'ఊఁ' కొడతాం కదా, ఆ 'ఊఁ' వెళ్ళి తర్వాతి మాట మీద పడేది. దానికి తోడు తన గొంతే తనకి మళ్ళీ వినబడేది. "అన్నం తిన్నావా" అంటే "అన్నం తిన్నావా" అని వినబడేది. ఆవిడ 'తిన్నానమ్మా' అనేది. కూతురే అడిగిందనుకునేది.

నేను చెప్పాను, 'పిన్నిగారూ, మీరు మాట్లాడి ఆగండి, తను మాట్లాడాక మీరు మాట్లాడండి' అని. బుర్ర ఊపేది. ఒక్కసారి కూడా ఆగలేదు. అవతల కార్డులో డబ్బులు అయిపోతే మధ్యలోనే కట్. రిసీవరు నాకిచ్చి, 'ఏమందో నీకేమైనా వినబడిందా బాబూ?' అని అడిగేది.

1996 నవంబరు 6న తుఫాను వచ్చింది. దాని గురించి మీకు నేను చెప్పక్కర్లేదు, ఇక్కడ చాలామంది ఆ రాత్రి చూసినవాళ్ళే. వెయ్యి మందికి పైగా పోయారు. తోటలకి తోటలే పడుకున్నాయి. స్తంభాలు, తీగలు, అన్నీ కొబ్బరిచెట్ల కింద. నా బూత్ పైరేకు ఎగిరిపోయింది. మీటరుని గోనెసంచిలో చుట్టి మంచం మీద పెట్టాను. ఫోనెత్తితే శబ్దం లేదు, బుస్సుమనే చప్పుడు కూడా లేదు.

అక్కడ కువైట్లో, దుబాయిలో, మస్కట్లో మనవాళ్ళందరికీ వార్త తెలిసింది, ఊరు తెలియదు. ఇక్కడివాళ్ళందరూ నా దగ్గరికే వచ్చారు. ఎక్కడికి వస్తారు మరి? నంబర్లున్న చీటీలు, తడిసిపోయిన ఉత్తరాలు, కవర్లు పట్టుకొచ్చారు. అయిదో రోజున అవన్నీ ఒక నోటు పుస్తకంలో రాసుకుని, అందరి దగ్గరా తలా కాస్త డబ్బు తీసుకుని, రావులపాలెం దాకా లారీ ఎక్కి, అక్కణ్ణుంచి రాజమండ్రి వెళ్ళాను. ఒక బూత్ ముందు వరసలో నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి కౌంటరుకి ఇవతల.

ఒక్కో ఫోనుకి ఒక్కటే మాట అనుకున్నాను, 'ఫలానావాళ్ళు బతికే ఉన్నారు' అని. 00965 కొట్టడం, లైను లేకపోవడం, మళ్ళీ కొట్టడం. వెనక జనం అరుస్తున్నారు. కొన్ని నంబర్లు తప్పు. కొన్ని చోట్ల ఎవరూ ఎత్తలేదు. కాలవ అవతలావిడ కూతురి నంబరు కొట్టాను. అది ఆ అమ్మాయి పనిచేసే ఇంటి నంబరు. మామూలుగా ఆ ఇంటికి ఫోన్ చెయ్యొద్దని అందరికీ చెప్పి ఉంచేవారు. యజమానురాలు ఎత్తింది. వీళ్ళు 'మామా' అని పిలుస్తారు ఆవిణ్ణి. అరబ్బీలో ఏదో అడిగింది. నాకు రాదు. అమ్మాయి పేరు చెప్పాను. మళ్ళీ ఏదో అంది. 'అమ్మ, అమ్మ ఓకే' అని అరిచాను. నా గొంతే నాకు వినబడింది. ఆవిడ పెట్టేసింది.

బయటికొచ్చి చీటీ చూస్తే నేననుకున్నదానికి రెట్టింపుంది. "ఏవండీ, నేను మాట్లాడిందెంత, మీరు వేసిందెంత?" అన్నాను. నిజంగా అదే మాట అన్నానండి. ఆ కుర్రాడు నా వైపు చూడకుండా మీటరు చూపించాడు.

మా ఊళ్ళో లైను బాగయ్యాక ఆ అమ్మాయి ఫోన్ వచ్చింది. విషయం అప్పుడు తెలిసింది. యజమానురాలు తనతో, 'మీ దేశం నుంచి ఒక మగాడు నీ పేరు చెప్పి, అమ్మ అమ్మ అని అరిచాడు' అని చెప్పిందట. అన్నాళ్ళూ ఆ పిల్ల వాళ్ళమ్మ పోయిందనే అనుకుంది. తల్లి గొంతు వినగానే అవతల ఏడుపు. ఈవిడ 'ఏమైందే, ఏమైందే' అంటోంది. ఆ రోజు కూడా ఇద్దరూ ఒకరి మీద ఒకరు మాట్లాడుకున్నారు, ఎవరికీ ఏమీ అర్థం కాలేదు.

నేను రాజమండ్రిలో కట్టిన డబ్బుకి ఆవిడ ముందు ఇచ్చింది సరిపోలేదు. మిగతాది చీటీ చూపించి అడిగాను. కొంగు ముడి విప్పి ఇచ్చింది. తీసుకున్నాను.

సెల్‌ఫోన్లు, రూపాయికి నిమిషం, ఆ తర్వాతి కథంతా మీకు తెలిసిందే. మీటరు ఇంకా మా అటక మీదే ఉంది. వచ్చే శుక్రవారం తీసుకొచ్చి ఇక్కడ బల్ల మీద పెడతాను, పిల్లలు చూస్తారు. ఎవరో చెయ్యెత్తారు, మైకు అటివ్వండి.